రంగు కోసం చర్మాన్ని పోగొట్టుకోకండి

కిందటి సంవత్సరం షాబాన్ నెలలో మా అక్కయ్య కుమార్తెను చూసినప్పుడు నేనన్న ఒక మాట ఇప్పటికీ నన్ను బాధిస్తూనే ఉన్నది. “ఎంత రంగు తేరావమ్మా! ముఖం వెలిగిపోతున్నది” అన్నాను. ఆ పిల్ల సిగ్గుపడుతూ తల వంచుకున్నది. అక్కయ్య మాత్రం ఎంతో సంతోషించింది. అప్పటికి ఆ ఇంట సంబంధాలు చూస్తున్నారు. ఒకటి రెండు చోట్ల “అమ్మాయి చామనఛాయ” అన్న మాట వినిపించింది. ఆ తరువాత వారి వద్ద నుండి కబురు రాలేదు. అంతలో ఎవరో బ్యూటీ పార్లర్‌లో దొరికే చిన్న డబ్బా గురించి చెప్పారు. దాని మీద తయారీదారు పేరు గాని, అందులో ఏమేమి కలిపారన్న వివరం గాని లేదు. మూడు వారాలు రాసుకునేసరికి ముఖం నునుపు తేలింది. ఆ నునుపు చూసే నేను ఆ మెచ్చుకోలు మాట అన్నాను.

బక్రీద్ నాటికి అదే పిల్ల ముఖానికి ఓఢ్నీ అడ్డం పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. చెంపల మీద ఎర్రని సన్నని నరాలు పైకి కనిపిస్తున్నాయి. గడ్డం చుట్టూ మొటిమలు లేచాయి. చెవుల ముందు నూగు వెంట్రుకలు పెరిగాయి. “ఖాలా, ఇది మానేస్తే ముఖం మండిపోతున్నది, రాస్తేనే చల్లబడుతున్నది. ఇక బ్రతికినంత కాలం రాసుకుంటూనే ఉండాలా?” అని అడిగింది. మరునాడు చర్మవైద్య నిపుణురాలి వద్దకు తీసుకువెళ్ళాను. ఆమె ముఖాన్ని పరిశీలించి, డబ్బాను చేతిలో తిప్పి చూసి, “దీన్ని ఎవరు రాసిచ్చారు?” అని అడిగారు. మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

ఈ నెల శీర్షికలో చర్మాన్ని గురించి రాయడానికి కారణం ఆ ప్రశ్నే. చర్మాన్ని కాపాడుకోవడమంటే పైన ఏదో ఒకటి పూయడమని మనం అనుకుంటాము. కాని అది ఆహారం, నిద్ర, ఎండ, మనశ్శాంతి అన్నింటితోనూ ముడిపడిన విషయం. వీటిలో ఏది నిజం, ఏది వ్యాపారం అన్నది తెలుసుకుంటే మన ఇళ్ళలో ఎందరో ఆడపిల్లలు కన్నీళ్ళ నుండి తప్పించుకుంటారు.

చర్మం ఒక అవయవం

గుండె, కాలేయం వలె చర్మం కూడా ఒక అవయవమే. పెద్దవారిలో దాని వైశాల్యం సుమారు ఒకటిన్నర నుండి రెండు చదరపు మీటర్లు. అన్నిటికంటే పైనున్న పొర మృతకణాలతో ఏర్పడుతుంది. అది కాగితం కంటే పలుచగా ఉంటుంది. అయినా ఒంటిలోని నీటిని బయటికి పోనీయకుండా, బయటి క్రిములను, రసాయనాలను లోనికి రానీయకుండా కాపాడేది ఆ పొరే. శాస్త్రజ్ఞులు దానిని ఇటుక గోడతో పోలుస్తారు. కణాలు ఇటుకలైతే, వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం వంటివి. సిరమైడ్లు, కొలెస్టెరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి ఆ సున్నం తయారవుతుంది. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి చేరి రాలిపోవడానికి దాదాపు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అందుకే చర్మానికి జరిగిన హాని ఒక్క రోజులో మానదు. మూడు రోజుల్లో ముఖం మార్చేస్తామన్న ప్రకటనను ఈ ఒక్క కారణంతోనే అనుమానించవచ్చు.

ఈ గోడ స్వల్ప ఆమ్ల స్వభావం కలది. దాని పీహెచ్ సుమారు 5 వద్ద ఉంటుంది. మనం వాడే మామూలు సబ్బులు క్షార స్వభావం గలవి, వాటి పీహెచ్ 9 నుండి 10 వరకు ఉంటుంది. మాటిమాటికీ సబ్బు రుద్దితే గోడలోని సున్నం కరుగుతుంది. అప్పుడు చర్మం బిగుసుకుంటుంది, తెల్లగా పొట్టు లేస్తుంది, దురద పెడుతుంది. ముఖం “కిరకిరలాడేంత” శుభ్రం కావాలని కోరుకోవడం గోడను గీరి గీరి పడగొట్టడమే.

రంగు ఎక్కడి నుండి వస్తుంది?

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. దానిని తయారు చేసే కణాలు నల్లనివారిలో ఎక్కువ, తెల్లనివారిలో తక్కువ అని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. ఆ కణాల సంఖ్య మనుషులందరిలోనూ దాదాపు ఒక్కటే. తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్ రకంలోను, పరిమాణంలోను, దానిని నింపుకున్న రేణువుల సైజులోను ఉన్నది. ఎండ తగిలినప్పుడు ఆ రేణువులు కణ కేంద్రకం మీద గొడుగు వలె కమ్ముకుంటాయి. లోపలి జన్యు పదార్థం దెబ్బతినకుండా కాపాడతాయి. అంటే చామనఛాయ ఒక లోపం కాదు, మండే సూర్యుని కింద జీవించే మనుషులకు దొరికిన కవచం.

వీడ్కోలు హజ్ ప్రసంగంలో దైవప్రవక్త (సఅసం) తెలుపు నలుపుల ఆధిక్యాన్ని కొట్టివేసిన సంగతి మనలో తెలియనివారు లేరు. ఇస్లాంలో తొలి ముఅజ్జిన్ హజ్రత్ బిలాల్ (రజి) ఏ రంగువారో మన పిల్లలకు కూడా తెలుసు. మస్జిదులో ఈ మాట విని తల ఊపుతాము. ఇంటికి వచ్చి పెళ్ళి సంబంధం అడిగేటప్పుడు మాత్రం “పిల్ల తెల్లగా ఉంటుందా?” అంటాము. ఆ డబ్బాను కొన్నది మా అక్కయ్య. దానిని కొనిపించింది మనందరం అడిగే ఈ ప్రశ్న.

డబ్బాలో ఏమున్నది?

తొందరగా తెల్లబరుస్తామనే పూతలలో సాధారణంగా దొరికే ప్రమాదాలు రెండు. ఒకటి స్టెరాయిడ్, రెండవది పాదరసం.

స్టెరాయిడ్ పూత మందు చెడ్డది కాదు. 1952లో హైడ్రోకార్టిసోన్‌ను చర్మ వ్యాధులకు వాడి మేలు చూసినప్పటి నుండి అది ఎందరి బాధనో తీర్చింది. ఎగ్జిమా వంటి జబ్బులలో వైద్యుడు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వాడితే అది మంచి మందు. ఆపద ఉన్నది దానిని సౌందర్య సాధనంగా మార్చడంలో. అది రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, వాపును అణచివేస్తుంది. అందువల్ల మొదటి వారాల్లో ముఖం తెల్లగా, నునుపుగా కనిపిస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది, నరాలు పైకి తేలుతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానగానే అణగి ఉన్న వాపు రెట్టింపు బలంతో తిరగబడుతుంది. ఆ మంట భరించలేక మళ్ళీ అదే పూస్తారు. మా పిల్ల చిక్కుకున్నది ఈ వలయంలోనే.

ముఖానికే ఇంత హాని ఎందుకు? మన శరీరమంతటా చర్మం ఒకే తీరుగా పీల్చుకోదు. 1967లో హైడ్రోకార్టిసోన్‌తో జరిపిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో ముంజేతి చర్మం పీల్చుకున్న దానికంటే నుదురు ఆరు రెట్లు, దవడ భాగం 13 రెట్లు ఎక్కువగా పీల్చుకున్నట్లు తేలింది. చేతి మీద పూస్తే ఏమీ కానిది ముఖం మీద విషమం కావచ్చు.

ఇది ఒకరిద్దరి కథ కాదు. మన దేశంలో 12 చర్మవైద్య కేంద్రాలలో ముఖ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది స్టెరాయిడ్ పూతలు వాడుతున్నట్లు బయటపడింది. వారిలో సుమారు 29 శాతం మంది దానిని ఒక మామూలు క్రీముగా, ముఖం తెల్లబడటానికో, గడ్డం గీసుకున్న తరువాత పూసుకోవడానికో వాడినవారే. చర్మవైద్యుల పోరాటం ఫలితంగా 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూత మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని జాబితాలో చేర్చింది. అయినా చీటీ అడగని దుకాణాలు మన వీధుల్లో ఎన్ని ఉన్నాయో మనకు తెలియనిది కాదు.

పాదరసం సంగతి ఇంకా భయంకరం. మెలనిన్ తయారీకి అవసరమైన టైరోసినేజ్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది. రంగు తగ్గిన మాట నిజమే. కాని చర్మం గుండా ఒంట్లోకి చేరిన పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 నుండి 2023 వరకు ఒక రకమైన మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందిలో ఆ వ్యాధిలోనే అరుదైన ఒక రూపం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది రంగు తేలడానికి క్రీములు వాడినవారే. క్రీము మానిన తరువాత వారిలో చాలామంది కోలుకోవడం ఊరటనిచ్చే విషయం.

జపాన్‌లోని మినమాటా పట్టణంలో కర్మాగారపు వ్యర్థాల నుండి పాదరసం చేపలలోకి, వాటి నుండి మనుషులలోకి చేరి ఎందరినో అవిటివారిని చేసింది. 1956లో ఆ వ్యాధిని తొలిసారి అధికారికంగా గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో ప్రపంచ దేశాలు పాదరసంపై ఒప్పందం చేసుకున్నాయి. సౌందర్య సాధనాలలో పాదరసం కలపడాన్ని పూర్తిగా అంతం చేయాలని 2023లో ఆ ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. అయినా పేరులేని డబ్బాలు, విదేశాల నుండి ఎవరో తెచ్చి ఇచ్చిన డబ్బాలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. ఒకరు పూసుకున్న పాదరసం తువ్వాలు, దిండు గలీబుల ద్వారా ఇంట్లోని పసిపిల్లలకు కూడా అంటుతుందని మరువకండి.

“సహజం” అన్న మాటకు మోసపోకండి

క్రీము వద్దంటే వంటింట్లోకి పరుగెత్తేవారు ఉన్నారు. నిమ్మరసం ముఖానికి రాసి ఎండలోకి వెళితే అందులోని పదార్థాలు సూర్యకాంతితో కలిసి చర్మాన్ని కాల్చి నల్లని మచ్చలు మిగులుస్తాయి. వంట సోడా క్షారం, అది చర్మపు ఆమ్ల కవచాన్ని చెడగొడుతుంది. పండుగ నాడు చేతులు ఎర్రగా పండించే గోరింటాకు మంచిదే. గంటలోనే నల్లగా పండే “బ్లాక్ మెహందీ”లో తరచుగా జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. దానివల్ల చేతులు బొబ్బలెక్కిన పెళ్ళికూతుళ్ళు ఉన్నారు. బజారులో దొరికే సుర్మాలలో చాలా వాటిలో సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్ళకు వాటిని పెట్టకండి.

ఆలివ్ నూనెను మనం ఎంతో గౌరవిస్తాము, ఆహారంగా అది నిజంగా మేలైనది. కాని పొడి చర్మానికి పూతగా అది తగినది కాదు. 2013లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని వారాల పాటు ముంజేతికి ఆలివ్ నూనె రాయించి చూసినప్పుడు చర్మపు గోడ బలహీనపడింది. పొద్దుతిరుగుడు నూనె వల్ల అలా జరగలేదు. మన కొబ్బరినూనె పొడిబారిన చర్మానికి ఉపకరిస్తుందని 2004లో ఫిలిప్పీన్స్‌లో జరిగిన పరీక్షలో తేలింది. అయితే మొటిమలున్న ముఖానికి మాత్రం నూనెలు పనికిరావు.

లోపలి నుండి వచ్చే ఆరోగ్యం

చర్మం మన జీవన విధానానికి అద్దం. ఇది కవిత్వం కాదు, పరీక్షించి చూసిన సత్యం. 2001లో అమెరికాలో 27 మంది వైద్య, దంత, ఫార్మసీ విద్యార్థులపై ఒక పరీక్ష జరిపారు. అంటుకునే టేపుతో వారి చర్మపు పై పొరను కొద్దిగా తీసి, అది ఎంత త్వరగా మానుతుందో కొలిచారు. సెలవులలో త్వరగా మానిన చర్మమే పరీక్షల రోజులలో ఆలస్యంగా మానింది. మనసులోని ఆందోళన ఒంట్లో కార్టిసోల్‌ను పెంచి చర్మపు మరమ్మతును నెమ్మదింపజేస్తుంది. పెళ్ళిచూపులకు ముందు నెలల తరబడి రంగు గురించి దెప్పుతూ ఉంటే ఆ పిల్ల చర్మం ఎలా బాగుపడుతుంది?

ఆహారం విషయానికి వస్తే, 2007లో ఆస్ట్రేలియాలో మొటిమలున్న 43 మంది యువకులపై 12 వారాల పరీక్ష జరిగింది. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచని ఆహారం తిన్నవారిలో మొటిమలు ఎక్కువగా తగ్గాయి. మైదా రొట్టెలు, తీపి షర్బత్‌లు, రోజుకు ఐదారు కప్పుల తీపి చాయ్ ఉన్న ఇళ్ళు ఈ సంగతిని గమనించాలి. పప్పు, ఆకుకూరలు, గుడ్లు, చేపలు, పండ్లు చర్మానికి నిజమైన పోషణ.

ఒక ముఖ్యమైన సంగతి తల్లులకు చెప్పాలి. పిల్లల మెడ వెనుక, చంకలలో చర్మం నల్లగా, మందంగా, ముఖమల్ గుడ్డలా మారితే దానిని మురికి అనుకుని సున్నిపిండితో రక్తం వచ్చేలా రుద్దుతారు. అది మురికి కాదు. తరచుగా అది ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదన్న హెచ్చరిక. రుద్దడం మాని రక్తపరీక్ష చేయించండి. పిల్లల తిండి, బరువు చూడండి.

ఎండ విషయంలో రెండు వైపులా చూడాలి. అతిగా తగిలితే మంగు మచ్చలు పెరుగుతాయి. అసలే తగలకపోతే విటమిన్-డి తయారు కాదు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఈ విటమిన్ లోపం విస్తారంగా ఉన్నదని చూపారు. ఒళ్ళంతా కప్పుకునే మన స్త్రీలు దీనిని మరింత పట్టించుకోవాలి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు, అద్దం ఆ కిరణాలను ఆపుతుంది. డాబా మీదనో, పరదా ఉన్న పెరటిలోనో చేతులకు, కాళ్ళకు కొంతసేపు ఎండ తగలనివ్వండి. వైద్యుడు చెబితే మాత్రలు వాడండి.

ప్రతి ఇంట పాటించదగినవి

ముఖానికి రోజుకు రెండుసార్ల కంటే ఎక్కువ సబ్బు వద్దు. వుజూకు నీరు చాలును, ప్రతిసారీ సబ్బు అక్కరలేదు. వుజూ తరువాత కాలివేళ్ళ సందులు పొడిగా తుడుచుకోండి, లేకుంటే అక్కడ శిలీంధ్రం పడుతుంది. స్నానం కాగానే, ఒళ్ళు ఇంకా కొద్దిగా తడిగా ఉండగానే వాసన లేని తేమ క్రీము రాయండి. పగటిపూట బయటికి వెళ్ళేటప్పుడు ముఖానికి ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించిన సన్‌స్క్రీన్ వాడండి. నిద్రకు సమయం కేటాయించండి.

ఏ డబ్బా కొన్నా దాని మీది అక్షరాలు చదవండి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడ్. మెర్క్యురీ, కెలొమెల్ అన్న పేర్లుంటే పాదరసం. “బంగారు, వెండి నగలకు తగలనీయకండి” అని రాసి ఉంటే అది కూడా పాదరసానికి సూచన కావచ్చు. ఏమీ రాయని డబ్బాను ఇంట్లోకే రానీయకండి.

ఇప్పటికే వాడుతున్నవారు సిగ్గుపడి దాచుకోవద్దు. డబ్బాతో సహా చర్మవైద్యుని వద్దకు వెళ్ళండి. స్టెరాయిడ్‌ను ఎలా మానాలో, మంటను ఎలా తగ్గించుకోవాలో ఆయన చెబుతారు. ముఖం, పాదాలు ఉబ్బినా, మూత్రంలో నురుగు కనిపించినా ఆ పూతను వెంటనే ఆపి మూత్ర పరీక్ష చేయించుకోండి.

మా పిల్లకు నయం కావడానికి ఎనిమిది నెలలు పట్టింది. మొదటి రెండు నెలలు ముఖం చూసుకోవడానికే భయపడేది. ఇప్పుడు మంట లేదు, మొటిమలు తగ్గాయి, ఎర్రని నరాలు కొన్ని మిగిలాయి. రంగు మునుపటి చామనఛాయకే వచ్చింది. మొన్న ఇంటికి వచ్చినప్పుడు ఓఢ్నీ అడ్డం లేకుండా నా ఎదుట కూర్చున్నది. ఈసారి నేను ముఖాన్ని గురించి ఏమీ అనలేదు. “చదువు ఎంతవరకు వచ్చిందమ్మా?” అని అడిగాను. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడింది.

మన ఇళ్ళకు వచ్చే ఆడపిల్లలను పలకరించేటప్పుడు మొదటి మాట ఏది కావాలో మనమందరం ఆలోచించుకోవలసిన సమయం ఇది. అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, ఆయన ఇచ్చిన రూపంలో తృప్తిని ప్రసాదించుగాక.